ఏ క్లూ దగ్గర మొదలుపెట్టాలి: సీటింగ్ పజిల్‌లో సెకన్ల లెక్క

గుంటూరు బ్రాడీపేటలో ఒకరి ఇల్లు వెతకడం సులువు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే చాలు. 4/14 అని రాసుకుని వెళ్తే దాదాపు ఎవరినీ అడగకుండానే ఆ మలుపు దగ్గర నిలబడవచ్చు. అరండల్‌పేటలోనూ ఇదే పద్ధతి. పాత గుంటూరు వైపు వెళ్తే చిరునామా చెప్పే తీరు మారుతుంది: ఫలానా వారి ఇంటికి రెండిళ్ల అవతల, గుడి వెనక సందులో. ఆ ఫలానా వారి ఇల్లు ముందే తెలిసిన వారికి తప్ప ఆ చిరునామా ఎవరికీ పనికిరాదు.

బ్యాంకు పరీక్షల రీజనింగ్ విభాగంలో వచ్చే సీటింగ్ పజిల్స్‌లో క్లూలు కూడా ఈ రెండు రకాలుగానే ఉంటాయి. కొన్ని మనిషిని నేరుగా ఒక కుర్చీలో కూర్చోబెడతాయి. కొన్ని ఫలానా వారి పక్కన అని మాత్రమే చెబుతాయి. పజిల్‌ను వేగంగా తేల్చే నైపుణ్యంలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ముందుగా వేరుచేయడంలోనే ఉంది. చేతివేగం, లెక్కల్లో చురుకుదనం దాని తరువాతే వస్తాయి.

ముందు సమయం సంగతి. చాలా బ్యాంకు పరీక్షల తొలి దశ అయిన ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. గడువు ముగియగానే ఆ విభాగం మూసుకుపోతుంది, తిరిగి వెళ్లే దారి ఉండదు. ప్రశ్నకు సగటున 34 సెకన్లు పడతాయి. ఒక పజిల్ కింద ఐదు ప్రశ్నలు ఉన్నాయనుకుంటే దాని వాటా 171 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు తొమ్మిది సెకన్లు తక్కువ. క్లూలు చదవడం, బొమ్మ గీయడం, మనుషులను కూర్చోబెట్టడం, ఐదు జవాబులు గుర్తించడం అన్నీ అందులోనే జరగాలి.

ఈ గడువులో పజిల్ పూర్తికాక, బ్రాడీపేట గదుల్లో ఉండి చదువుకునే ఎందరో తమ బుర్ర నెమ్మదిగా పనిచేస్తుందని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం చాలాసార్లు అన్యాయమైనది. వారు చేస్తున్న తప్పు ఒక్కటే: క్లూలను అచ్చయిన వరుసలో వాడుతున్నారు. మొదటి లెక్క మొదట, రెండో లెక్క తరువాత అని బడి పన్నెండేళ్లు నేర్పిన క్రమశిక్షణే అది. పజిల్ తయారుచేసేవారు మాత్రం తాళంచెవిని తరచూ చివరి వాక్యంలో దాచిపెడతారు.

ఒక పజిల్ తీసుకుని చూస్తే విషయం తేటపడుతుంది. రమ్య, వాసు, లత, గోపి, సీత, మధు, పద్మ, నాని అనే ఎనిమిది మంది ఒకే వరుసలో, ఉత్తరం వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. వారి ఎడమ మన ఎడమే, వారి కుడి మన కుడే.

1. సీత ఏదో ఒక చివర కూర్చుంది.
2. మధు, నాని పక్కపక్కన లేరు.
3. గోపి, పద్మ పక్కపక్కన ఉన్నారు.
4. లతకు కుడివైపు ఎక్కడో మధు, మధుకు కుడివైపు ఎక్కడో నాని ఉన్నారు.
5. పద్మకు కుడిపక్కనే వాసు ఉన్నాడు.
6. రమ్యకు, గోపికి మధ్య ముగ్గురు ఉన్నారు.
7. రమ్యకు కుడివైపు ఇద్దరే ఉన్నారు.

ఏ క్లూ లేకపోతే ఎనిమిది మంది ఎనిమిది కుర్చీల్లో కూర్చోగల తీరులు 40,320. ఒక్కో క్లూ ఈ సంఖ్యను ఎంతకు తగ్గిస్తుందో విడివిడిగా లెక్కేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రమ్యను ఎడమ నుంచి ఆరో కుర్చీలో కూర్చోబెట్టే ఏడో క్లూ 5,040 తీరులను మిగులుస్తుంది. పద్మ పక్కన వాసును పెట్టే ఐదో క్లూ కూడా సరిగ్గా 5,040నే మిగులుస్తుంది. కాగితం మీద లెక్క ప్రకారం రెండూ సమాన బలం గలవే. చేతిలో కలం పట్టుకున్న అభ్యర్థికి మాత్రం వాటి మధ్య తేడా చాలా పెద్దది. ఏడో క్లూకు గీయవలసిన కేసు, అంటే విడిగా గీసి చూడవలసిన అవకాశం, ఒకటే. ఐదో క్లూతో మొదలుపెడితే పద్మ, వాసుల జంట ఒకటి-రెండు దగ్గర నుంచి ఏడు-ఎనిమిది దాకా ఏడు చోట్ల కూర్చోగలదు. ఏడు కేసులు ఎవరూ గీయరు, ఏదో ఒకటి ఊహించి ముందుకు వెళ్తారు. ఆ ఊహ తప్పని తేలేసరికి నిమిషంన్నర గడిచిపోతుంది.

మిగతా క్లూలను ఇలాగే తూచవచ్చు. మొదటి క్లూ, మూడో క్లూ రెండూ విడివిడిగా 10,080 తీరులనే మిగులుస్తాయి. అయితే సీతకు రెండు కేసులు చాలు, గోపి-పద్మలకు పద్నాలుగు కావాలి. నాలుగో క్లూ ఇంకా వింతైనది. అది 6,720 తీరులను మాత్రమే మిగులుస్తుంది కాబట్టి మొదటి క్లూ కన్నా ఎక్కువ సమాచారం ఇస్తోందనే చెప్పాలి. కానీ లత, మధు, నానిలను ఆ వరుసలో కూర్చోబెట్టే తీరులు 56. ముగ్గురి పేర్లున్న పొడుగాటి వాక్యం కదా, చాలా చెబుతోంది కదా అని దానితో మొదలుపెట్టేవారు అక్కడే చిక్కుకుపోతారు. రెండో క్లూ సంగతి సరేసరి. 'లేరు' అనే క్లూ ఒక్కటే ఉంటే 30,240 తీరులు మిగులుతాయి.

కాబట్టి మొదటి పది, పదిహేను సెకన్లలో వేసుకోవలసిన ప్రశ్న: ఏ క్లూ అతి తక్కువ చోట్ల కూర్చోగలదు? క్లూ ఎంత చెబుతోందన్నది అప్పుడు అనవసరం. ఈ ఆలోచన కోచింగ్ గదుల్లో పుట్టింది కాదు. అనేక నిబంధనలు ఒకేసారి తీరేలా జవాబు వెతికే సమస్యల మీద కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద పరిశోధనే ఉంది. రాబర్ట్ హారలిక్, గోర్డన్ ఇలియట్ 1980లో ప్రచురించిన వ్యాసం ఈ సూత్రాన్ని స్పష్టంగా ముందుకు తెచ్చింది: బెడిసికొట్టే అవకాశం ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడికే ముందుగా వెళ్లాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది. కాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది. దారి తప్పినట్టు రెండో అడుగులోనే తెలిస్తే పోయేది రెండు అడుగులే, పదో అడుగులో తెలిస్తే పది అడుగులూ వృథా.

ఈ పజిల్‌లో ఏడో క్లూతో రమ్య ఆరో కుర్చీలో కూర్చుంటుంది. అది 'కుడివైపు ఇద్దరే' అని మారువేషంలో వచ్చిన 4/14 చిరునామా. రమ్య పేరున్న మరో క్లూ ఆరోది. మధ్య ముగ్గురు ఉండాలంటే గోపి రెండో కుర్చీలోనైనా ఉండాలి, పదో కుర్చీలోనైనా ఉండాలి. పదోది లేదు కాబట్టి రెండే. అప్పటికి 720 తీరులు మిగిలాయి. పద్మ గోపికి పక్కన, అంటే ఒకటిలోనో మూడులోనో ఉండాలి. ఆమె కుడిపక్క వాసు ఉండాలి కాబట్టి ఒకటి కుదరదు, దాని కుడిపక్కన గోపి ఉన్నాడు. పద్మ మూడు, వాసు నాలుగు. 40,320 నుంచి 24కు వచ్చేశాం, ఇంతవరకు రెండో కేసు గీయవలసిన అవసరమే రాలేదు. ఖాళీగా ఉన్నవి ఒకటి, ఐదు, ఏడు, ఎనిమిది. సీత చివర కాబట్టి రెండు కేసులు. సీత ఒకటిలో ఉంటే లత ఐదు, మధు ఏడు, నాని ఎనిమిది. సీత ఎనిమిదిలో ఉంటే లత ఒకటి, మధు ఐదు, నాని ఏడు. ఇప్పుడు ఆ 'లేరు' క్లూకు పని పడుతుంది. మొదటి కేసులో మధు, నాని పక్కపక్కన పడ్డారు కాబట్టి అది కొట్టివేత. మొదట్లో ఎందుకూ కొరగాదనిపించిన క్లూ ఆఖరి తీర్పు చెప్పింది. నిషేధపు క్లూల స్వభావమే అది: ఖాళీలు తగ్గేకొద్దీ వాటి బలం పెరుగుతుంది.

ఏడో క్లూ లాంటి నేరు చిరునామా ప్రతి పజిల్‌లోనూ దొరకదు. కఠినమైన పజిల్స్‌లో దాన్ని కావాలనే తీసేస్తారు. అప్పుడు చేయవలసిన పని, ఎవరినీ కూర్చోబెట్టకుండా క్లూలను ఒకదానికొకటి అతికించడం. పై పజిల్‌లో ఏడో క్లూ లేదనుకుందాం. మూడు, ఐదు రెండింటిలోనూ పద్మ ఉంది. పద్మకు కుడిపక్క వాసు కాబట్టి గోపి ఎడమపక్కనే ఉండాలి. గోపి-పద్మ-వాసు అని మూడు పేర్ల ముక్క తయారైంది. విడిగా చూస్తే పద్నాలుగు కేసులు, ఏడు కేసులు కోరిన క్లూలు కలిసేసరికి ఆరు కేసులకు దిగాయి. ఆరో క్లూతో రమ్యను కూడా దీనికి తగిలిస్తే, ఆరు చోట్ల ప్రతిదానిలో రమ్యకు ఒకే ఒక్క కుర్చీ దొరుకుతుంది. నలుగురు మనుషులు ఒక్క ముక్కగా మారి, ఆ ముక్కకు ఆరు స్థానాలే మిగిలాయి. పాత గుంటూరు చిరునామాలను కూడా ఇలాగే వాడుకోవాలి. గుడి ఎక్కడుందో తెలియకపోయినా, గుడి వెనక సందు, సందులో మూడో ఇల్లు, దాని ఎదురుగా కిరాణా కొట్టు అని చిన్న పటం గీసుకోవచ్చు. గుడి కనిపించిన క్షణాన పటం మొత్తం ఒకేసారి నేలమీద కూర్చుంటుంది.

గుండ్రటి బల్ల పజిల్స్‌ను ఎక్కువమంది కష్టమంటారు. మొదటి అడుగు నిజానికి అక్కడ తేలిక. గుండ్రటి బల్లకు చివరలు లేవు కాబట్టి ఎవరో ఒకరిని పైభాగాన కూర్చోబెట్టేస్తే నష్టం ఏమీ లేదు. 40,320 ఆ ఒక్క చర్యతో 5,040 అవుతుంది, ఒక్క క్లూ కూడా ఖర్చు కాకుండా. కూర్చోబెట్టే మనిషి ఎక్కువ క్లూలలో కనిపించే పేరై ఉండాలి. కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తున్నారంటే మాత్రం ప్రతి పేరు పక్కనా బాణం గుర్తు పెట్టాక గానీ కుడి ఎడమల జోలికి వెళ్లకూడదు.

చదవడంలో పోయే సెకన్ల గురించి తెలుగు అభ్యర్థులు ప్రత్యేకంగా ఆలోచించాలి. ప్రభుత్వరంగ బ్యాంకుల క్లర్కు పరీక్షలను ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహించాలని 2021లో కేంద్ర ఆర్థిక శాఖ నిర్ణయించింది. పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు ఇంగ్లీషు, హిందీలే. ఇంగ్లీషు క్లూలో కూర్చోబెట్టవలసిన మనిషి ముందు వస్తాడు, ఎవరిని బట్టి కూర్చోబెట్టాలో ఆ మనిషి వాక్యం చివర వస్తాడు. చదువుతున్నంతసేపూ మొదటి పేరును గాలిలో పట్టుకుని ఉండాలి. 'పద్మకు కుడిపక్కనే వాసు' అనే తెలుగు వాక్యంలో ముందు పద్మ మీద వేలు పడుతుంది, తరువాత దిక్కు తెలుస్తుంది, చివరికి వాసు కూర్చుంటాడు. చేయి కదిలే వరుస, మాట నడిచే వరుస ఒకటే. ఈ పనికి తెలుగు వాక్యం ఎంత బాగా అమరిందో చూస్తే ముచ్చటేస్తుంది. ఇంగ్లీషులో రాసేవారు ఇదే లాభాన్ని మరోలా పొందవచ్చు: క్లూలోని చివరి పేరును ముందుగా చూసి, అది బొమ్మలో ఉంటేనే ఆ క్లూను పూర్తిగా చదవాలి. లేకపోతే దాటవేయాలి.

మరో చిక్కు లెక్కింపులో ఉంది. మధ్య ముగ్గురు అంటే నాలుగు కుర్చీల దూరం. తొందరలో మూడు కుర్చీలు జరిపి తప్పు చోట కూర్చోబెట్టడం అతి సాధారణమైన పొరపాటు. ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు పాడ్యమినాడు మొదలై దశమితో ముగుస్తాయి. మొత్తం పది తిథులు, మొదటిదానికీ చివరిదానికీ దూరం తొమ్మిది, ఆ రెండింటి మధ్య ఉన్నవి ఎనిమిది. ఒకే విషయానికి మూడు సంఖ్యలు. పజిల్ కూడా ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని అడుగుతుంది. ఏది అడిగిందో తేల్చుకోవడానికి పట్టే రెండు సెకన్లు మిగతా నిమిషాన్ని కాపాడతాయి.

మనసులో పెట్టుకుని చేయడం వేగమని కొందరు నమ్ముతారు. మనస్తత్వ శాస్త్రం దీన్ని సమర్థించదు. మనిషి తాత్కాలికంగా గుర్తుంచుకోగల అంశాలు ఏడుకు రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. నిజమైన సామర్థ్యం నాలుగు దాకానే అని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. మన పజిల్‌లో ఎనిమిది పేర్లు, ఏడు క్లూలు ఉన్నాయి. ఏ లెక్కన చూసినా బుర్రలో పట్టవు. కాబట్టి రఫ్ షీటు మీద ఎనిమిది గీతలు, పేర్ల మొదటి అక్షరాలు, వాడేసిన క్లూల సంఖ్యలకు కొట్టివేత ఉండాల్సిందే. చివరిది చాలామంది చేయరు. ఏ క్లూ వాడామో గుర్తులేక తెర వైపు మళ్లీ చూసి, మొత్తం మళ్లీ చదవడంలో పోయే కాలం ఏ షార్ట్‌కట్‌తోనూ తిరిగి రాదు.

ఇంకో సంగతి: మార్కులు ప్రశ్నలకే వస్తాయి, పజిల్ పూర్తిచేసినందుకు ఎవరూ మార్కులు ఇవ్వరు. 24 తీరులు మిగిలిన దశలో ఆగి చూస్తే, రమ్యకు ఎడమవైపు మూడో స్థానంలో ఎవరు, గోపికి, వాసుకు మధ్య ఎవరు అనే ప్రశ్నలకు జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. రెండింటికీ పద్మే. మిగిలిన నలుగురి గొడవ ఆ ప్రశ్నలకు అక్కరలేదు. నాలుగైదు కుర్చీలు నిండగానే ఒకసారి ప్రశ్నలవైపు చూడటం అందుకే మంచి అలవాటు.

గుడ్డిగా ఊహించి గుర్తించడం సంగతి కూడా లెక్కతో తేలుతుంది. ఐదు ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు కోత. ఏమీ తెలియకుండా గుర్తిస్తే ఐదింట ఒకసారి ఒక మార్కు వస్తుంది, నాలుగుసార్లు పావు చొప్పున పోతుంది. సగటున మిగిలేది సున్నా. బొమ్మ సగం నిండి ఒక్క ఆప్షన్ అసాధ్యమని తేలినా సగటు మార్కులో పదహారో వంతు లాభంలోకి వస్తుంది, రెండు తేలితే ఆరో వంతుకు చేరుతుంది. సగం చేసిన పజిల్ వృథా కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు.

అతుక్కోని పజిల్‌ను వదిలేయడం తెలిసినవారు కూడా వదిలే తీరులో నష్టపోతారు. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యపాదం చెప్పి, ఇంకొకరి వైపు తిరిగి, మళ్లీ రెండో ఆవృత్తంలో మొదటివారి దగ్గరికి వచ్చి అక్కడి నుంచే అందుకుంటాడు. పాదం పూర్తయిన చోట ఆగుతాడు కాబట్టి అందుకోవడం సాధ్యమవుతుంది. పజిల్‌ను కూడా అలా పాదం చివర వదలాలి: ఉన్న కేసులు శుభ్రంగా గీసి, మిగిలిన క్లూల సంఖ్యలకు చుట్టూ సున్నా చుట్టి. ఒక కుర్చీ సగం ఆలోచనలో ఉండగా వదిలేస్తే తిరిగి వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. నిమిషం దాటినా ఒక్క స్థిరమైన కుర్చీ గానీ, మూడు పేర్ల ముక్క గానీ చిక్కకపోతే కదిలిపోవడం మేలు.

సాధన విషయంలో ప్రస్తుత అలవాటు సరిగ్గా లేదు. రోజుకు ఇరవై కొత్త పజిల్స్ చేయడం, మాక్ టెస్టు మార్కులు చూసుకోవడం, మళ్లీ ఇరవై. విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో చదరంగ క్రీడాకారుల మీద జరిపిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. నిజమైన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపిస్తే గొప్ప ఆటగాడు కొత్తవారి కన్నా ఎన్నో ఎక్కువ పావుల స్థానాలు గుర్తుంచుకున్నాడు. పావులను ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే అతనికున్నది మామూలు కన్నా పెద్ద జ్ఞాపకశక్తి కాదు, పరిచితమైన గుంపులను ఒక్క ముక్కగా చూసే కన్ను. గుంటూరులో పుట్టి 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటేల హరికృష్ణ, గుడివాడలో పుట్టి 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచిన కోనేరు హంపి ఈ ప్రాంతం నుంచే వచ్చారు. ర్యాపిడ్‌లో ఆటగాడికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల అదనం. అన్ని ఎత్తులనూ పరిశీలించే వ్యవధి అందులో ఉండదు. ఏవి పరిశీలించనక్కరలేదో చూడగానే తెలియాలి, ఆ చూపు వెనక ఆడిన ఆటలను తిరిగి విప్పి చూసుకున్న ఏళ్లు ఉంటాయి.

పజిల్స్‌కు వర్తించే విప్పి చూసుకోవడం ఇలా ఉంటుంది. ఒక పజిల్ చేశాక, ఏ వరుసలో క్లూలు వాడామో మార్జిన్‌లో రాయాలి. తరువాత గడియారం పక్కన పెట్టి, ఒక్కో క్లూకు ఎన్ని కేసులో లెక్కించి, అతి తక్కువ కేసులతో నడిచే వరుసను దాని కింద రాయాలి. పైన చెప్పిన పజిల్‌కైతే అది 7, 6, 3, 5, 1, 4, 2. మొదటిసారి రాసుకున్న వరుస 1, 3, 1, 6, 7, 3 అని ఉంటే అందులో రెండుసార్లు వచ్చిన ఒకటి, మూడు ఎక్కడ వెనక్కి వెళ్లవలసి వచ్చిందో చూపిస్తాయి. రోజుకు ఇరవైకి బదులు ఐదు పజిల్స్‌ను ఇలా విప్పితే ఎక్కువ ఫలితం ఉంటుంది. మరునాడు అవే ఐదింటిని గీతలు కూడా గీయకుండా, మొదటి క్లూ ఏది, దానికి తగులుకునే రెండో క్లూ ఏది అని మాత్రమే చెప్పుకోవాలి. ఒక్కోదానికి పదిహేను సెకన్లు దాటకూడదు.